కిలోమీటరుకు జానెడు వాలు

తెనాలి పాత వీధుల్లో మా పెదనాన్నగారి ఇల్లు ఉంది. నా చిన్నప్పుడు వీధిలోంచి ఆ అరుగెక్కాలంటే మూడు మెట్లు. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగి లోపలికి పోవాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డే లేచింది. కంకర మీద తారు, తారు మీద మళ్ళీ కంకర, ఆ పైన సిమెంటు. పాతది తవ్వి తీసి కొత్తది వేసిన జ్ఞాపకం వీధిలో ఎవరికీ లేదు. ఎదురింటాయన పాతిల్లు పడగొట్టి, నాలుగడుగులు మెరక తోలించి, మూడంతస్తులు లేపాడు. గట్టి వాన పడితే ఆయన వాకిట్లో నీళ్లు, రోడ్డు మీది నీళ్లు కలిసి పెదనాన్నగారి నడవలోకి వస్తాయి. గడపకు అడ్డంగా ఇసుక మూటలు జూన్‌లోనే సిద్ధం చేసుకుంటారు.

పట్టణ ప్రణాళిక అనగానే రింగు రోడ్డు, ఫ్లైఓవరు, గోడకు తగిలించిన రంగుల మ్యాపు గుర్తొస్తాయి. కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెలకు సంబంధించినంతవరకు నేను ఆ మ్యాపుకన్నా ముందు ఒక చిన్న భాగహారం చేయమంటాను. సముద్రమట్టానికి తెనాలి ఎత్తు సుమారు 11 మీటర్లు. అక్కడి నుంచి నిజాంపట్నం వైపు తీరం 40 కిలోమీటర్ల లోపే. అంటే కిలోమీటరుకు 27, 28 సెంటీమీటర్ల వాలు. జానెడు, ఆ మీద రెండు వేళ్లు. నీరు పల్లమెరుగు అంటారు గాని, ఇక్కడ నీరు కూడా పల్లాన్ని వెతుక్కోవాల్సిందే. అలాంటి నేల మీద రోడ్డు ఒక అడుగు లేచిందంటే ఒక కిలోమీటరు వాలును మింగేసినట్టు.

ఇక జనాభా. 2011 లెక్కల ప్రకారం తెనాలిలో 1,64,937 మంది, బాపట్లలో 70,777 మంది, రేపల్లెలో 50,866 మంది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. తలల లెక్కింపు 2027 ఫిబ్రవరిలో అని కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ అంకెలు చేతికొచ్చేదాకా ఇరవై, ముప్ఫై ఏళ్ల ప్రణాళికలన్నీ 2011 పునాది మీద లేచేవే. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియెట్ ఈడుకొచ్చింది.

పునాది పాతదైతే పోనీ, దాని మీద ఎంత పెరుగుదల రేటు వేసుకుంటామన్నది ఇంకా పెద్ద చిక్కు. తెనాలి ఏడాదికి 1 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే 2041కి 2.22 లక్షలు. 2 శాతం అనుకుంటే 2.99 లక్షలు. తేడా 76 వేల పైచిలుకు. 2011 నాటి బాపట్ల ఊరు ఊరంతా కలిపినా అంత లేదు! కాగితం మీద ఒక్క శాతం, నేల మీద ఒక బాపట్ల. ఈ రెండు రేట్లలో ఏది నిజమని అడిగితే, గతం ఒకటో రేటు వైపే మొగ్గుతుంది. 2001-2011 మధ్య అప్పటి గుంటూరు జిల్లా మొత్తం పెరిగింది పదేళ్లలో 9.5 శాతమే, అంటే ఏడాదికి ఒక శాతం లోపే. ఆ పదేళ్లలో బాపట్ల 68 వేల పైచిలుకు నుంచి 70 వేలకు వచ్చి ఆగింది. రేపల్లె మాత్రం 42 వేల పైచిలుకు నుంచి 50 వేలు దాటింది.

ఆ 50 వేలు దాటడంలో ఒక విశేషముంది. 2014 నాటి కేంద్ర పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు 50 వేల నుంచి 5 లక్షల దాకా ఉన్న ఊళ్లను మధ్య తరహా పట్టణాలన్నాయి. రేపల్లె ఆ గీతను 866 మందితో దాటింది. ఒకే గదిలో ఒక చివర తెనాలి, ఇంకో చివర రేపల్లె. గీతల మహిమ నిధుల్లోనూ కనిపిస్తుంది. 2015లో మొదలైన అమృత్ పథకం లక్ష జనాభా దాటిన నగరాలకే కాబట్టి తెనాలికి చోటు దొరికింది, మిగతా రెండూ బయట ఉండిపోయాయి. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0తో గాని అన్ని పట్టణాలకూ తలుపు తెరుచుకోలేదు.

విస్తీర్ణం కూడా కలిపి చూస్తే బొమ్మ మారుతుంది. తెనాలి మున్సిపాలిటీ సుమారు 16 చదరపు కిలోమీటర్లు, బాపట్ల సుమారు 18, రేపల్లె 11. చదరపు కిలోమీటరుకు తెనాలిలో పదివేల మంది, బాపట్లలో నాలుగు వేల లోపు, రేపల్లెలో నాలుగున్నర వేల పైన. 1909లో మున్సిపాలిటీ అయిన తెనాలి తన సరిహద్దు గీత లోపల దాదాపు నిండిపోయింది. పెరిగేదంతా గీత బయట, పంచాయతీల పొలాల్లోనే. ఆంధ్రా ప్యారిస్ అని మనం మురిసిపోయే ఊరి రేపటి వీధులు ఇవాళ వరి మళ్లు.

ఆ మళ్ల సంగతి కాస్త ఆగి చూడాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీద నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. జానెడు గట్టున్న మడి ఆ నీళ్లన్నిటినీ తనలోనే పెట్టుకుని, నెమ్మదిగా తూము గుండా వదులుతుంది. అదే ఎకరాన్ని మెరక తోలి ప్లాట్లు వేస్తే, లేఅవుట్ నిబంధన ప్రకారం వదిలిన పది శాతం ఖాళీ స్థలం తప్ప తక్కినదంతా పైకప్పులూ సిమెంటూ అవుతుంది. నీళ్లు గంటలో రోడ్డెక్కుతాయి. నూరెకరాల వెంచరు వేశామంటే ఒక్క వానకు నాలుగు కోట్ల లీటర్ల చెరువును పూడ్చినట్టు లెక్క. ఆ చెరువుకు రెవెన్యూ రికార్డుల్లో చెరువన్న పేరు లేదు గనుక పూడ్చినట్టు ఎవరికీ తెలియదు.

డెల్టా కాలువలు కట్టినవాళ్లకు నీటి సూత్రం బాగా తెలుసు. పంట కాలువ మెరకన పోతుంది, మురుగు కాలువ పల్లాన పోతుంది. తెనాలి ఊళ్లోంచి మూడు పంట కాలువలు పారుతున్నాయి. తూర్పు కాలువ, నిజాంపట్నం కాలువ, పశ్చిమ కాలువ. ఇవి నీళ్లు తెచ్చేవే గాని తీసుకుపోయేవి కావు. వీధి చివర కాలువ కనపడగానే సైడు కాలువను అందులోకి తిప్పేయడం మనకు అలవాటైంది. తెనాలిలో వదిలినది కిందనున్న రైతు మడిలోకి, ఆ కిందనున్న ఊరి మంచినీటి చెరువులోకి పోతుంది.

మురుగు కాలువల గొడవ కొత్తదేం కాదు. 1964లో ఎ.సి.మిత్ర నాయకత్వంలో ఒక కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగును పరిశీలించింది. ఆ తర్వాత 1968లో డ్రైనేజి సెస్ చట్టం వచ్చి, డెల్టా రైతు ఎకరాల లెక్కన పన్ను కట్టాడు. ఆ వ్యవస్థ మొత్తం పొలం మునగకుండా ఉండటానికి ఉద్దేశించింది. మడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వరి బతుకుతుంది. వంటింట్లో రెండు గంటలు నిలిస్తే బియ్యం డబ్బా బతకదు. పొలాల కోసం తవ్విన డ్రెయిన్లలోకి ఇప్పుడు పట్టణాలు వచ్చి చేరుతున్నాయి. వాటిలో గుర్రపుడెక్క, తూటికాడ పేరుకుని ఉంటాయి. పైగా చివర సముద్రం. పోటు మీదున్నప్పుడు, తుపాను అలలు ఎగదన్నినప్పుడు డ్రెయిన్ నోటి దగ్గర నీళ్లు బయటికి పోవు, వెనక్కి చూస్తాయి.

బాపట్ల, రేపల్లెల చరిత్రలో అలాంటి తేదీలు కొన్నిటిని ఎవరూ మరిచిపోలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతోపాటు ఈ తీరాన్నీ ఊడ్చింది, దాదాపు పదివేల మంది పోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద దిగినప్పుడు ఓలేరు దగ్గర కరకట్ట తెగి రేపల్లె ప్రాంతం మునిగింది. 2024 సెప్టెంబరు 2న ఆ అంకె కూడా దాటి 11.43 లక్షలైంది. పదిహేనేళ్లలో రెండుసార్లు వచ్చినదాన్ని అరుదైన విపత్తు అని ప్రణాళిక పుస్తకంలో ఒక పేరాకు పరిమితం చేస్తే సరిపోదు.

ఇన్ని నీళ్ల మధ్య ఉండి, వేసవిలో బిందె పట్టుకుని నిలబడేదీ ఇక్కడివాళ్లే. కాలువలు కట్టేశాక మళ్ళీ నీళ్లు వదిలేదాకా పట్టణం చెరువు నీళ్ల మీదే బతకాలి. ఎంత చెరువు కావాలి? భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణానికి తలకు రోజుకు 135 లీటర్లు ప్రమాణం. 2011 జనాభాతోనే తెనాలికి రోజుకు 2.23 కోట్ల లీటర్లు. కాలువ 60 రోజులు కట్టేస్తే 134 కోట్ల లీటర్లు. నాలుగు మీటర్ల లోతున నిలవేయాలంటే 82 ఎకరాల చెరువు. ఇదే లెక్కన బాపట్లకు 35 ఎకరాలు, రేపల్లెకు 25. ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా రెండు నెలల్లో 36 సెంటీమీటర్లు పోతుంది. అంటే దాచినదాంట్లో పదో వంతుకు కాస్త తక్కువ సూర్యుడి వాటా. గట్లు, ఫిల్టర్లు, చుట్టూ దారి వేరే. తెనాలి 3 లక్షలకు పోతే చెరువు 150 ఎకరాలు కావాలి. ఆ భూమి ఇవాళ ఎకరాల్లో దొరుకుతుంది, ఇరవై ఏళ్లాగితే గజాల్లో అమ్ముతారు. నన్నడిగితే ముప్ఫై ఏళ్ల ప్రణాళికలో మొదటి సంతకం ఈ భూసేకరణ మీద పడాలి, రింగు రోడ్డు మీద కాదు.

పైపులో వచ్చిన నీళ్లలో 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజినీర్ల లెక్క. తెనాలికి రోజుకు 1.78 కోట్ల లీటర్లు. భూగర్భ డ్రైనేజీ లేని ఊరికి ప్రమాణమే 70 లీటర్లకు పడిపోతుంది. ఇచ్చినా పోవడానికి దారి ఉండదు మరి. కుళాయి పథకానికి ఒక శిలాఫలకం, డ్రైనేజీకి పదేళ్ల తర్వాత ఇంకో శిలాఫలకం వేయడం ఎంత తలకిందుల పనో ఈ అంకెలే చెబుతాయి.

బాపట్ల కథ వేరు. అక్కడిది ఇసుక నేల. ఉప్పు నీటి మీద మంచినీరు పలచని పొరలా తేలుతూ ఉంటుంది. తీరం వెంట రైతులు దొరువులు తవ్వి ఆ పై పొరను తోడుకోవడం తరాల నాటి పద్ధతి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువునే మెరుగుపరిచి రైతులకిచ్చింది. దీని వెనక ఒక గట్టి లెక్కుంది. సముద్రమట్టం కన్నా మంచినీటి మట్టం ఒక మీటరు పైనుంటే దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలబడుతుంది. పైన మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకొస్తుంది. అపార్టుమెంటుకో లోతు బోరు వేసుకుంటూ పోయే ఊరికి ఈ అంకె ఉరుములాంటిది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయ్యాక బాపట్ల మీద పడే బరువు పాత జనాభా లెక్కల్లో కనపడదు. ఉద్యోగులు, అద్దె ఇళ్లు, సోమవారం అర్జీలతో వచ్చేవాళ్లు, సూర్యలంక బీచికి ఆదివారం కార్లు, అందరూ నీళ్లు తాగేవాళ్లే.

ఆ అర్జీదారుడు రేపల్లెవాడైతే? 1916లో వేసిన రైలు మార్గం రేపల్లెలో ఆగిపోతుంది. తన జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలంటే ముందు 34 కిలోమీటర్లు ఎదురుదిక్కున తెనాలికి వచ్చి, బండి మారి, మళ్ళీ 40 కిలోమీటర్ల పైచిలుకు దిగువకు పోవాలి. అందుకే 216 జాతీయ రహదారి మీద బస్సే గతి. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రాజధాని ప్రాంత అథారిటీ పరిధిలో ఉంది. రాజ్యాంగం చెప్పిన జిల్లా ప్రణాళికా సంఘం ఏ జిల్లాకు ఆ జిల్లాకే. డ్రెయిన్ మాత్రం ఒకటే. పైనున్న పట్టణం వదిలేది కిందనున్న పట్టణానికి చేరుతుంటే, ఆ రెంటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు లేకపోవడం నాకు కనిపించిన కొరతల్లో అన్నిటికన్నా పెద్దది.

ఇంకో అంకె చెప్పి ముగిస్తాను. 2031 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు 16.4 శాతం ఉంటారని జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం అంచనా. తెనాలి అప్పటికి రెండు లక్షలైతే 33 వేల మంది పెద్దవాళ్లు. పిల్లలు హైదరాబాదులో, డాలస్‌లో ఉండే ఊరు కాబట్టి అంతకన్నా తక్కువ ఉండరని నా అనుమానం. పెదనాన్నగారికి ఎనభై రెండు. వీధిలోకి రావాలంటే ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకుంటారు.

మీ ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదా నోటీసు బోర్డుకెక్కి, అభ్యంతరాలు చెప్పమన్నప్పుడు మ్యాపులో మీ ప్లాటు ఏ రంగులో ఉందో చూసుకుని వచ్చేయకండి. మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: మా వీధి లెవెల్ ఎంత పెట్టారు, కాలువ కట్టేస్తే మన చెరువు ఎన్ని రోజులొస్తుంది, మా మురుగు చివరికి ఏ ఊళ్లో తేలుతుంది.