పొలములో పాము, ఊరిలో పంచాయతీ

నాగులచవితినాడు మనము పుట్టలో పాలు పోసి మ్రొక్కుదుము. మరునాడు పొలముగట్టుమీద కనుపించిన పామును కఱ్ఱతో కొట్టి చంపుదుము. భక్తియు, భయమును రెండును మనకు గలవు. కొరవడినది పామునుగూర్చిన తెలివిడి మాత్రమే.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిమాగాణములైనవి. సూర్యాపేట చెంత మూసీ ప్రాజెక్టు నీరు పొలములకు పారుచున్నది. వరి ఉన్నచోటికి ఎలుకలు, పందికొక్కులు చేరును. ఇవి గట్లను తొలిచి, వెన్నులను కొఱికి బొరియలలో దాచుకొనును. వాని వెంట పాములు వచ్చును.

వీనిలో జెర్రిపోతు రైతునకు ఉపకారి. దానికి విషము లేదు. బొరియలో దూరి ఎలుకలను పిల్లలతోసహా మ్రింగును. అది నాగుపామునకు మగడనుట అపోహ. నాగుపాములలోనే ఆడ, మగ కలవు. జెర్రిపోతును చంపినచో మిగులునవి ఎలుకలే.

ప్రాణాపాయము కలిగించునవి ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మొదటి రెండింటి విషము నరములను స్తంభింపజేసి ఊపిరిని ఆపును. పింజరల విషము నెత్తురు గడ్డకట్టు గుణమును చెఱచును. కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవారిని కరచును. నొప్పి స్వల్పమగుటచే కాటు పడినట్లే తెలియదు. తెల్లవారుసరికి కనురెప్పలు వాలిపోవును.

2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన తెలిపినది. వారిలో అత్యధికులు పల్లెవాసులే.

విషము లేని పాము కరచినవాడు మంత్రము లేకున్నను బ్రదుకును. ఆ కీర్తి మాత్రము మంత్రగానికి దక్కును. విషసర్పము కరచినప్పుడు పనిచేయునది ఆసుపత్రిలోని విరుగుడు సూదిమందు ఒక్కటే. పై నాలుగు పాములకును అదే మందు. గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగింపరాదు. కాటుపడిన కాలు లేక చేయి కదలకుండ ఉంచి, 108 వాహనమును పిలిచి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో దగ్గరనున్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కష్టమైనవి కావు. వీధిదీపములు వెలుగునట్లు చూడవలెను. ఇండ్ల నడుమ చెత్తకుప్పలను, రాళ్ళగుట్టలను తొలగింపించవలెను. నేలపై పరుండువారు దోమతెర అంచులను చాపక్రింద మడచుకొనునట్లు, రాత్రి పొలమునకు పోవువారు దీపము, చెప్పులు లేక కదలకుండునట్లు బోధింపవలెను. ఇంటిలో పాము దూరినచో అటవీశాఖవారికి కబురు పంపవలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకు రక్షణ కల్పించుచున్నది.

రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలెనని మేము కోరుచున్నాము. పాము తన పని తాను చేసికొనును. మనుష్యుని కాపాడుకొను పని మనది.