క్యూబా మ్యూజిక్ వీడియో: ఇయాన్ పద్రోన్ తరం యువదర్శకుల ప్రస్థానం - పరిశీలన

వ్యాససంగ్రహం

మ్యూజిక్ వీడియో సాధారణంగా పాటను అమ్మడానికి పుట్టిన ప్రచారరూపం. టెలివిజన్‌లో వాణిజ్య ప్రకటనలకు చోటులేని క్యూబాలో మాత్రం 1990ల తరువాత అది యువదర్శకులకు శిక్షణశాలగా, సినిమారంగ ప్రవేశద్వారంగా పనిచేసింది. ఇయాన్ పద్రోన్ ప్రస్థానాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఈ పరిణామానికి దారితీసిన కారణాలను, దాని పరిమితులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: క్యూబా సినిమా, మ్యూజిక్ వీడియో, లుకాస్ పురస్కారాలు, ఇయాన్ పద్రోన్, హవానాస్టేషన్.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమాలో పాట కథలో అంతర్భాగం. పాటను చిత్రీకరించే దర్శకునికి కథ, పాత్రలు, సందర్భం ముందే సిద్ధంగా ఉంటాయి. మ్యూజిక్ వీడియో దర్శకునికి ఈ ఆధారాలేవీ ఉండవు. మూడు నాలుగు నిమిషాల నిడివిలో పాత్రను, స్థలాన్ని, సంఘర్షణను అతడే కల్పించుకోవాలి. ఈ నిర్బంధమే క్యూబాలో ఒక తరానికి దర్శకత్వపు తొలి పాఠమైంది.

2. చారిత్రక నేపథ్యం

క్యూబా విప్లవం విజయం సాధించిన కొద్ది వారాలకే, 1959 మార్చి 24న, 'ఇకాయిక్' అనే ప్రభుత్వ చలనచిత్ర సంస్థ ఏర్పడింది. దేశంలో సినిమా నిర్మాణమంతా దశాబ్దాలపాటు ఈ సంస్థ చుట్టూనే తిరిగింది. పాటను ఆధారం చేసుకొని దృశ్యాలను కూర్చే పద్ధతికి మూలాలు కూడా ఇక్కడే కనిపిస్తాయి. ఈ సంస్థ వార్తాచిత్ర విభాగాన్ని నడిపిన సాంతియాగో ఆల్వరెస్ 1965లో 'నౌ' అనే లఘుచిత్రం తీశారు. అమెరికాలోని జాతివివక్షను చూపే ఛాయాచిత్రాలను, వార్తాదృశ్యాలను గాయని లీనా హార్న్ పాటకు అనుగుణంగా కూర్చిన ఈ చిత్రాన్ని మ్యూజిక్ వీడియోకు పూర్వరూపంగా విమర్శకులు పరిగణిస్తారు. వనరుల కొరత నుంచే ఒక శైలిని సృష్టించవచ్చునని ఈ చిత్రం నిరూపించింది.

1991లో సోవియట్ యూనియన్ పతనమైంది. 'ప్రత్యేక కాలం' అని పిలిచే తీవ్ర ఆర్థిక సంక్షోభంలో క్యూబా చిక్కుకుంది. ఇంధనం, విద్యుత్తు, ఆహారంతో పాటు ముడిఫిల్మ్ కూడా కరవైంది. కథాచిత్రాల నిర్మాణం బాగా తగ్గింది. 1986లో సాన్ ఆంతోనియో దే లోస్ బాన్యోస్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ చలనచిత్ర పాఠశాల, హవానాలోని కళావిశ్వవిద్యాలయం దర్శకులను తయారుచేస్తూనే ఉన్నాయి. ఆ దర్శకులకు తీయడానికి సినిమాలు మాత్రం లేవు.

3. లుకాస్ వేదిక

ఈ ఖాళీని మ్యూజిక్ వీడియో కొంతవరకు పూరించింది. దీనికి మూడు కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది, విదేశాలలో కచేరీలు చేసే సంగీతకారుల చేతికి విదేశీమారకం రావడం. రెండవది, డిజిటల్ కెమెరాలు, కంప్యూటర్ ఎడిటింగ్ అందుబాటులోకి వచ్చి ఖర్చు తగ్గడం. మూడవది, 1990ల చివర ఓర్లాండో క్రుసాతా ప్రభుత్వ టెలివిజన్‌లో ప్రారంభించిన 'లుకాస్' కార్యక్రమం. ఈ కార్యక్రమం స్వదేశీ మ్యూజిక్ వీడియోలకు నియతంగా ప్రసారావకాశం కల్పించింది. దాని వార్షిక పురస్కారాలు దర్శకత్వాన్ని, ఛాయాగ్రహణాన్ని, కూర్పును విడివిడిగా గుర్తించాయి. గాయకుని వెనుక కనిపించకుండా ఉండే దర్శకుని పేరు ఈ విధంగా ప్రేక్షకులకు తెలిసింది.

ఫలితం త్వరలోనే కనిపించింది. పావెల్ హిరూద్, లెస్టర్ హామ్లెట్, ఎస్తెబాన్ ఇన్సాఉస్తి కలిసి మూడు లఘుకథల సంపుటిగా 'త్రేస్ వేసెస్ దోస్' (మూడు రెళ్ళు) చిత్రాన్ని రూపొందించారు. మ్యూజిక్ వీడియోలలో చేయితిరిగిన యువకులు కథాచిత్రరంగంలోకి అడుగుపెట్టిన సందర్భంగా ఈ చిత్రానికి ప్రాధాన్యం ఉంది.

4. ఇయాన్ పద్రోన్ ప్రస్థానం

1976లో హవానాలో జన్మించిన ఇయాన్ పద్రోన్ ఈ తరానికి చెందినవారు. తండ్రి హువాన్ పద్రోన్ 'ఎల్పీదియో వాల్దేస్' పాత్రను, 1985 నాటి 'హవానాలో రక్తపిశాచులు' అనే యానిమేషన్ చిత్రాన్ని సృష్టించిన ప్రసిద్ధ కళాకారుడు. కుమారుడు మాత్రం యానిమేషన్‌ను కాక మ్యూజిక్ వీడియోను, డాక్యుమెంటరీని ఎంచుకున్నారు. 1969లో హువాన్ ఫోర్మెల్ స్థాపించిన 'లోస్ వాన్ వాన్' నృత్యసంగీత బృందంపై ఆయన తీసిన 'ఎసో కె అందా' డాక్యుమెంటరీలో ఈ రెండు మార్గాలూ కలుస్తాయి.

హవానా బేస్‌బాల్ జట్టు 'ఇందుస్త్రియాలెస్' గురించి తీసిన 'ఫువేరా దే లీగా' (2003) ఆయన ప్రస్థానంలో తొలి పరీక్ష. క్యూబాలో బేస్‌బాల్ కేవలం క్రీడ కాదు, జాతీయగౌరవానికి చిహ్నం. దేశం విడిచి వెళ్ళిన ఆటగాళ్ళ ప్రస్తావన అధికారిక మాధ్యమాలలో నిషిద్ధప్రాయంగా ఉన్న కాలంలో ఈ చిత్రం వారికీ చోటిచ్చింది. ఈ కారణంగా ప్రభుత్వ టెలివిజన్‌లో దాని ప్రసారం కొన్నేళ్ళపాటు జరగలేదు. ఆ వ్యవధిలో చిత్రం ప్రతులు చేతులు మారి ప్రేక్షకులకు చేరాయి.

2011లో వచ్చిన 'హవానాస్టేషన్' ఆయన తొలి పూర్తినిడివి కథాచిత్రం. మాయితో, కార్లోస్ ఒకే పాఠశాల విద్యార్థులు. మాయితో విదేశాలలో కచేరీలు చేసే జాజ్ సంగీతకారుని కొడుకు. కార్లోస్ తండ్రి జైలులో ఉన్నాడు. మే దినోత్సవ ప్రదర్శన తరువాత దారితప్పిన మాయితో, తన కొత్త ప్లేస్టేషన్‌తో కార్లోస్ నివసించే పేదపేటకు చేరుకుంటాడు. సమానత్వాన్ని చాటే ప్రదర్శన నుంచి ఇద్దరు పిల్లల అసమానత్వంలోకి కథను నడిపించడం ఇందులోని కీలకాంశం. దర్శకుడు ఈ అంతరాన్ని ఉపన్యాసధోరణిలో చెప్పలేదు. ఇల్లు, వీధి, ఆటవస్తువు వంటి దృశ్యాల ద్వారా వ్యక్తం చేశారు. తక్కువ వ్యవధిలో వస్తువుల ద్వారానే అర్థాన్ని చెప్పవలసిన మ్యూజిక్ వీడియో అభ్యాసం ఇందులో ప్రతిఫలించిందని భావించవచ్చు. ఈ చిత్రాన్ని క్యూబా ఆస్కార్ విదేశీభాషాచిత్ర విభాగానికి తన అధికారిక ప్రవేశంగా పంపింది. ఒక చిత్రం ప్రసారానికి నోచుకోక నిలిచిపోగా, మరొకటి దేశానికి ప్రతినిధిగా వెళ్ళింది. రెండింటికీ దర్శకుడు ఒక్కరే. తరువాతి కాలంలో పద్రోన్ అమెరికాలో స్థిరపడ్డారు.

5. వేదిక సరిహద్దులు

పద్రోన్ వలస ఒంటరి ఘటన కాదు. హిరూద్ కూడా స్పెయిన్‌కు తరలివెళ్ళారు. మ్యూజిక్ వీడియో నైపుణ్యాన్ని ఇస్తుంది, పేరునూ ఇస్తుంది. స్వతంత్రంగా సినిమా నిర్మించే చట్టబద్ధమైన హక్కును మాత్రం ఇవ్వదు. ఆ హక్కు కోసం క్యూబా దర్శకులు 2013 నుంచి సమావేశాలు జరిపారు. 2019లో వెలువడిన 373వ డిక్రీ-చట్టం స్వతంత్ర దృశ్యశ్రవణ సృజనకారులకు నమోదు సౌకర్యం కల్పించింది. ఆ నమోదు అధికారం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది.

మరోవైపు ప్రేక్షకులను చేరే మార్గాలు మారాయి. హార్డ్‌డిస్కులలో ఇంటింటికీ తిరిగే 'వారపు పొట్లం' ప్రభుత్వ టెలివిజన్‌కు ప్రత్యామ్నాయమైంది. 2018 డిసెంబరులో మొబైల్ ఇంటర్నెట్ ప్రారంభమైంది. 2014లో అలెహాంద్రో పెరెస్ దర్శకత్వం వహించిన 'బైలాందో' వీడియోకు ప్రపంచవ్యాప్త ఆదరణ లభించింది. 2021 ఫిబ్రవరిలో ఆసియెల్ బాబాస్త్రో దర్శకత్వంలో వచ్చిన 'పాత్రియా ఇ విదా' వీడియో, విప్లవ నినాదమైన 'మాతృభూమి లేదా మరణం' అనే మాటను 'మాతృభూమి, జీవితం' అని తిరగరాసింది. ఇందులో పాల్గొన్న గాయకులలో కొందరు మయామీలో, కొందరు హవానాలో ఉన్నారు. హవానాలో ఉన్న మాయ్కెల్ ఓసోర్బోకు 2022లో తొమ్మిదేళ్ళ జైలుశిక్ష పడింది. పాట ఒక్కటే అయినా, దాని మూల్యం గాయకుడున్న చోటును బట్టి మారింది.

6. ముగింపు

- నిర్మాణవనరుల కొరత, సంగీతకారుల ఆదాయం, లుకాస్ వేదిక కలిసి క్యూబాలో మ్యూజిక్ వీడియోను దర్శకుల శిక్షణశాలగా మార్చాయి.
- సంక్షిప్తతను, దృశ్యప్రధానమైన కథనాన్ని ఈ దర్శకులు కథాచిత్రాలలోకి తీసుకువెళ్ళారని 'హవానాస్టేషన్' సూచిస్తుంది.
- పాటలో అనుమతి పొందిన స్వేచ్ఛ డాక్యుమెంటరీకి, రాజకీయగీతానికి వర్తించలేదు. దర్శకుల వలసకు మూలాలను వెతికేటప్పుడు ఆర్థిక కారణాలతో పాటు ఈ వ్యత్యాసాన్నీ గమనించాలి.
- అందువల్ల క్యూబా సినిమా చరిత్రను కథాచిత్రాలకే పరిమితం చేసి చదివితే, ఒక తరం ఎక్కడ నేర్చుకుందో, ఎందుకు దూరమైందో తెలియదు. మ్యూజిక్ వీడియోను కూడా ఆ చరిత్రకు ప్రాథమిక ఆకరంగా పరిగణించడం అవసరం.