కార్డు బాగానే నడుస్తోంది, మరి బయోస్ ఫ్లాష్ చేయాలా?

ఫోన్‌లో అప్‌డేట్ వస్తే నొక్కేస్తాం, విండోస్ అడిగితే సరే అంటాం. అదే అలవాటుతో, గ్రాఫిక్స్ కార్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ ఫైలు కనబడగానే ఎక్కించేద్దామా అని చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. కార్డు ఏ ఇబ్బందీ పెట్టకుండా నడుస్తుంటే దాని జోలికి వెళ్లొద్దు. కంపెనీ ఫలానా లోపం సరిచేశామని పేరు పెట్టి చెప్పి, ఆ లోపం మీ మెషీన్‌లో మీకు కనబడుతుంటే మాత్రం భయపడకుండా చేయండి. ఎందుకో తెలియాలంటే ఆ ఫైలు ఎక్కడుంటుందో, ఏం పని చేస్తుందో చూడాలి.

కార్డు మీది ఫ్యాన్లు, హీట్‌సింక్ విప్పితే జీపీయూకి కాస్త దూరంగా ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి ఉంటుంది, చిటికెన వేలి గోరంత. దాని మీద విన్‌బాండ్ అనో, ఇంకో కంపెనీ పేరో సన్నటి అక్షరాల్లో కనబడుతుంది. ఈ బయోస్, అంటే కార్డు ఫర్మ్‌వేర్, ఉండేది అందులోనే. ఈమధ్య కార్డుల్లో అది ఒకటి రెండు ఎంబీల ఫైలు. పవర్ బటన్ నొక్కగానే, విండోస్ రాకముందే, మదర్‌బోర్డు ఈ చిప్‌లోని కోడ్‌తో కార్డును లేపి తెర మీద మొదటి బొమ్మ తెప్పిస్తుంది. బోర్డు మీదున్న మెమరీ చిప్స్ ఎవరివి, వాటిని ఏ టైమింగ్స్‌తో నడపాలి, వోల్టేజీ ఎంత ఇవ్వాలి, పవర్ లిమిట్ ఎన్ని వాట్లు, ఎంత వేడెక్కితే ఫ్యాన్ తిరగాలి, ఏ పోర్టు ఎక్కడుంది అన్నవి అక్కడ పట్టికలుగా రాసి ఉంటాయి. డ్రైవర్ తర్వాత వచ్చి ఆ పట్టికలు చదువుకుని పని మొదలుపెడుతుంది.

ప్రమాదమంతా ఈ వరుసలోనే ఉంది. డ్రైవర్ చెడిపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేసి పాతది వేసుకుంటాం, అరగంట పని. ఫర్మ్‌వేర్ రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే ఆ చిప్‌లో సగం కొత్తది, సగం ఖాళీ మిగులుతుంది. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటుంది. సరిచేసుకోవడానికి తెర కావాలి, ఆ తెర ఇవ్వాల్సింది ఈ కార్డే. రాయడం నిమిషం లోపు అయిపోతుంది కాబట్టి కరెంటు పోయే అవకాశం తక్కువే. అంతకన్నా ఎక్కువగా కార్డులు చచ్చేది తప్పు ఫైలు వేయడం వల్ల. పెట్టె మీద పేరు ఒకటే అయినా లోపల బోర్డు ఒకటే కావాలని లేదు. ఒకే మోడల్‌లో కొన్ని శాంసంగ్ మెమరీతో, కొన్ని మైక్రాన్‌తో, కొన్ని హైనిక్స్‌తో వస్తాయి. ఒకదాని టైమింగ్స్ ఇంకోదానికి పడవు. తెర మీద చుక్కలు, గీతలు వస్తాయి, లేదంటే అసలు బూటే కాదు.

ఇక లాభం సంగతి. బయోస్ మారిస్తే గేమ్‌లో ఫ్రేమ్‌లు పెరుగుతాయనుకునే వాళ్లే ఎక్కువ. నిజానికి వేగం పెంచేవి, గేమ్ క్రాష్‌లు సరిచేసేవి దాదాపు అన్నీ డ్రైవర్‌తోనే వస్తాయి. 2016లో ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 480 బయటికొచ్చిన వారంలోనే, అది మదర్‌బోర్డు స్లాట్ నుంచి పరిమితికి మించి కరెంటు లాగుతోందని పరీక్షల్లో తేలింది. వినడానికి పక్కా హార్డ్‌వేర్ లోపంలా ఉంటుంది. అది కూడా జులైలో ఒక డ్రైవర్‌తోనే సరిపోయింది, ఎవరూ చిప్ ముట్టుకోలేదు. ఇంటెల్ ఆర్క్ కార్డుల్లోనైతే ఫర్మ్‌వేర్ కూడా డ్రైవర్ ఇన్‌స్టాలర్‌తోనే వచ్చేస్తుంది, మీరు వెతుక్కోవాల్సిన పనే లేదు.

అయినా ఫ్లాష్ చేసి తీరాల్సిన సందర్భాలు వచ్చాయి. అన్నిటికన్నా స్పష్టమైనది 2020 జనవరి నాటి ఆర్‌ఎక్స్ 5600 ఎక్స్‌టీ. ఏఎమ్‌డీ దాన్ని 279 డాలర్లకు ప్రకటించింది. విడుదలకు కొద్ది రోజుల ముందు ఎన్‌విడియా పక్షం ఆర్‌టీఎక్స్ 2060 ధరను 299 డాలర్లకు దించింది. పోటీలో వెనకబడతామని ఏఎమ్‌డీ ఆఖరి నిమిషంలో కొత్త బయోస్ పంపింది. పవర్ లిమిట్ పెరిగింది, క్లాక్ పెరిగింది, కొన్ని మోడళ్లలో మెమరీ వేగం 12 నుంచి 14 జీబీపీఎస్‌కు చేరింది. ఆ వేళకే కార్డులు పెట్టెల్లో దుకాణాలకు వెళ్లిపోయాయి. జనవరి 21న కొన్నవాళ్లలో కొందరికి కొత్త బయోస్ కార్డు, కొందరికి పాతది. రెండింటి మధ్య తేడా సుమారు పది శాతం. డబ్బు పూర్తిగా కట్టి తక్కువ వేగం కార్డు తెచ్చుకున్న మనిషికి ఫ్లాష్ చేసుకోవడం న్యాయమైన పనే. కానీ కంపెనీ చేయాల్సిన పనిని, దాంతోపాటు ప్రమాదాన్ని, కొనుగోలుదారు నెత్తిన పెట్టడం నాకు ఇప్పటికీ తప్పుగానే తోస్తుంది. అది అందరికీ పడే మందు కూడా కాదు. అన్ని మోడళ్లకూ ఆ 14 రాలేదు, ఎవరి ఫైలు వాళ్లదే.

రెండోది రీసైజబుల్ బార్. పాత పద్ధతిలో ప్రాసెసర్‌కు కార్డు మెమరీలోంచి ఒకేసారి 256 ఎంబీల కిటికీ మాత్రమే కనబడేది. ఇది వచ్చాక మెమరీ మొత్తం కనబడుతుంది. ఆర్‌టీఎక్స్ 3060 పుట్టుకతోనే దీంతో వచ్చింది. అంతకుముందు అమ్మిన 3060 టీఐ, 3070, 3080, 3090లకు 2021 మార్చి చివర్లో కొత్త బయోస్ ఇచ్చారు. మదర్‌బోర్డు బయోస్, డ్రైవర్ కూడా దానికి తగినవి ఉంటేనే ఫలితం. ఎన్‌విడియా చెప్పిన లాభం కొన్ని గేముల్లో 12 శాతం దాకా. చాలా గేముల్లో అంతకన్నా బాగా తక్కువ. మీరు ఆడే గేములు లాభం కనబడేవాటిలో లేకపోతే దీనికోసం చిప్ తిరగరాయడం అనవసరం.

మూడోది నల్లతెర జబ్బు. 2018లో ఎన్‌విడియా మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు ఒక చిన్న టూల్ ఇచ్చింది. కొత్త డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లు తగిలిస్తే విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండిపోయేది, దానికి మందు అది. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 5060లకూ ఇలాంటిదే వచ్చింది. కొన్ని మదర్‌బోర్డులతో రీస్టార్ట్ చేసినప్పుడు తెర రావడం లేదని. అక్కడ ఎన్‌విడియా వాళ్లే రాసిన మాట గమనించండి: నల్లతెర వస్తుంటేనే ఈ అప్‌డేట్ వేసుకోండి అని. తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్తగా చెబుతుంటే మనం ఊరికే వేసుకోవడం ఎందుకు?

సెకండ్‌హ్యాండ్ కార్డుల లెక్క వేరు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక మైనర్ల దగ్గరున్న కార్డులు ప్రపంచమంతా పాత సామాను మార్కెట్లకు చేరాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తిరిగే కుర్రాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఆర్‌ఎక్స్ 470, 480, 570, 580ల్లో మైనర్లు మెమరీ టైమింగ్స్ బిగించి, వోల్టేజీ తగ్గించి సొంత బయోస్ వేసుకునేవారు. అలాంటి కార్డు గేమ్‌లో క్రాష్ అవుతుంది, కొన్నిసార్లు ఏఎమ్‌డీ డ్రైవరే లోడ్ కాకుండా మొరాయిస్తుంది. ఇక్కడ అసలు బయోస్ తిరిగి వేయడం తప్పనిసరి.

కార్డును పై మోడల్‌గా మార్చడానికి ఫ్లాష్ చేయడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. 2010 చివర్లో హెచ్‌డీ 6950ని 6970గా మార్చి దాక్కున్న షేడర్లు తెరిచినవాళ్లున్నారు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు మహా అయితే పవర్ లిమిట్ పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది, వారంటీ పోతుంది. ల్యాప్‌టాప్ అయితే ఆలోచనే వద్దు. వాటిలో చాలావాటికి గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ మదర్‌బోర్డు బయోస్‌లోనే కలిసి ఉంటుంది, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిందే దిక్కు.

సరే, చేయాల్సిన కారణం ఉందనుకుందాం. ముందు జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరవండి. బయోస్ వెర్షన్ అన్న గడిలో చుక్కలతో విడగొట్టిన అంకెల వరుస ఉంటుంది. దాని పక్కనే చిన్న బాణం గుర్తు ఉంటుంది. నొక్కి ఇప్పుడున్న బయోస్‌ను ఫైలుగా దాచుకోండి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. మీ కార్డుకు మీ దగ్గరున్న ఈ ఫైలును మించిన మందు ఇంకెక్కడా దొరకదు. కొత్త ఫైలు మీ కార్డు కంపెనీ సైట్ నుంచే, మీ మోడల్ నంబరుకు అక్షరం పొల్లుపోకుండా సరిపోయేదే తెచ్చుకోండి. ఓవర్‌క్లాక్ తీసేయండి, మానిటరింగ్ ప్రోగ్రామ్‌లు మూసేయండి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా పడకండి. అది యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది, తేడా వస్తే తెర ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. కార్డు అంచున డ్యూయల్ బయోస్ స్విచ్ ఉంటే నిశ్చింత. పవర్ ఆపి రెండోవైపుకు జరిపి బూట్ చేసి, విండోస్ వచ్చాక స్విచ్ వెనక్కి జరిపి చెడిపోయిన దాన్ని తిరిగి రాయొచ్చు. స్విచ్ లేకపోతే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందా చూడండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి లేదు. రైజెన్ 5600ఎక్స్ లాంటివాటికీ లేదు. అలాంటప్పుడు ఎవరి దగ్గరైనా పాత కార్డు ఒకటి అరువు తెచ్చి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

ఇవేవీ లేకుండా తెర నల్లబడితే ఇంకో దారి ఉంది. సీహెచ్341ఏ అనే చవక ప్రోగ్రామర్‌కు క్లిప్ తగిలించి, ఆ ఎనిమిది కాళ్ల చిప్‌ను పట్టుకుని, మీరు దాచుకున్న ఫైలును నేరుగా రాయొచ్చు. చిప్‌లెవల్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర ఇది ఉంటుంది. కానీ కొత్త కార్డుల్లో ఆ చిప్ చాలావరకు 1.8 వోల్టులది, ప్రోగ్రామర్ మామూలుగా ఇచ్చేది 3.3. మధ్యలో పెట్టే 1.8 వోల్టుల అడాప్టర్ ఉందా అని అడిగి, ఉందంటేనే కార్డు చేతికివ్వండి.