అండమానుకు ఓడలో వెళ్ళగోరు కుటుంబాలకు



నూర్పులు ముగిసి చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో అండమాను దీవులు చూచి రావాలని మన పల్లెల్లోని వారు కూడ ఆశపడుతున్నారు. మేము రెండు కుటుంబాలుగా, పిల్లలతోను ఒక పెద్దావిడతోను విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి వెళ్ళి వచ్చాము గనుక ఈ నాలుగు సంగతులు వ్రాస్తున్నాము.

డిసెంబరు నుండి మార్చి వరకు సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. మే నెలాఖరు నుండి ఋతుపవనాలు, ఆ తరువాత తుపానులు. విశాఖ నుండి ఓడ అప్పుడప్పుడే ఉంటుంది. చెన్నై, కలకత్తాల నుండి కూడ ఉన్నవి. ప్రయాణం దాదాపు మూడు రోజులు. తేదీలు మారడం అక్కడ మామూలే. మా తిరుగు ఓడ నాలుగు రోజులు ఆలస్యమైంది. లెక్కపెట్టి తెచ్చుకున్న డబ్బు అయిపోయింది, పెద్దావిడ బి.పి. మాత్రలు కూడ అయిపోయినవి. పోర్ట్ బ్లెయిరులో (2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) శ్రీకాకుళం వైపు నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు అనేకులున్నారు. వారిలో ఒక కుటుంబం మమ్మును ఆదుకున్నది. మీకు అటువంటివారు తటస్థపడతారో లేదో! వారం రోజుల ఖర్చు, మందులు అదనంగా పెట్టుకొనే బయలుదేరండి.

ఇక వాంతులు. కడలి వాంతులకు మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి, మొదలైన తరువాత వేస్తే కడుపులో నిలువదు. ఏ మాత్రయో డాక్టరు గారిని అడగండి. ఖాళీ కడుపుతో ఉండకూడదు. ఓడ నడిమి భాగంలో, క్రింది అంతస్తులో ఊపు తక్కువ. తల తిరిగితే పైకి వచ్చి దూరాన నీరు, ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చోవాలి. మా పిల్లలు గంటలో లేచి ఆడుకొన్నారు, మేమే రెండు రోజులు పడుకొన్నాము.

దీవి నుండి దీవికి వెళ్ళే చిన్న పడవల విషయంలో మాత్రం మొహమాటపడకండి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిరు సమీపాన, పట్టదగినవారికంటె ఎక్కువమందిని ఎక్కించుకొన్న యాత్రికుల పడవ మునిగి 21 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ చేతికిచ్చి ఊరుకొంటే చాలదు, పిల్లలకు మీరే పట్టీలు బిగించి కట్టండి. జనం ఎక్కువైతే దిగిపోండి, డబ్బు పోయినా సరే.

మొసళ్ళున్నవని బోర్డు ఉన్నచోట కాలు కూడ తడపవద్దు. చలికాలంలో అయిదున్నర లోపే చీకటి పడుతుంది, పెందలకడనే బస చేరాలి. పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోవడం, దారిలో జరవా జనులకు ఫోటోలు తీయడం నేరం. 1952లో లోక్‌సభకు నియమింపబడిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారి ఊరు కార్ నికోబారు చూడాలని మాకు ఎంతో ఆశ ఉండెను. ప్రత్యేక అనుమతి లేనిదే అక్కడికి వెళ్ళనివ్వరు. ముందుగా తెలిసికొనకపోవడం మా పొరపాటే.

ఇంటికి వచ్చాక రెండు రోజులు మంచం ఊగుతున్నట్టే ఉంటుంది. భయపడకండి, అదే తగ్గిపోతుంది.