అమ్మ నిద్ర లేవని చలికాలం

సెలవుల నుంచి తిరిగొచ్చిన మొదటి రాత్రి హాస్టల్లో చాలామందికి నిద్ర పట్టదు. ఆ రాత్రి ఒక చిన్న తరగతి తమ్ముడు దుప్పట్లో ఏడుస్తుంటే, నేనొక కథ చెప్పాను. "చిన్నపిల్లలకి చావు ఉన్న కథలు చెప్తావేంట్రా?" అని ఒక స్నేహితుడు కోప్పడ్డాడు. అందుకే ఈ వ్యాసం.

ఆ కథ 'మూమిన్‌లాండ్ మిడ్‌వింటర్' అనే పుస్తకంలోది. ఫిన్లాండ్ రచయిత్రి టోవె యాన్సన్ (1914–2001) దాన్ని స్వీడిష్ భాషలో 1957లో రాశారు. బొమ్మలు కూడా ఆమే వేశారు. 1966లో ఆమెకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పతకం వచ్చింది.

ఫిన్లాండ్ ఉత్తరపు కొసన నడి చలికాలంలో సుమారు 50 రోజులు సూర్యుడు ఉదయించడు. కథలోని మూమిన్లు తెల్లగా, బొద్దుగా, నీటిగుర్రం మూతితో ఉంటారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నిద్రపోతారు. ఒక ఏడాది మూమిన్‌ట్రోల్ అనే పిల్లవాడికి మధ్యలోనే మెలకువ వచ్చేస్తుంది. అమ్మని ఎంత లేపినా లేవదు. బయట చీకటి, ఎప్పుడూ చూడని మంచు!

అక్కడ టూ-టికీ అనే ఆమె కనిపిస్తుంది. ఆమె అబద్ధపు ఓదార్పు చెప్పదు. అందమైన తోక ఉన్న ఉడుత ఒకటి చలిరాణి కళ్ళలోకి చూసి గడ్డకట్టి పడిపోతే, చనిపోయిందనే చెప్తుంది. అందరూ కలిసి దాన్ని సాగనంపుతారు. గ్రోక్ అనే భయంకరమైన ప్రాణి వచ్చి చలిమంట మీద కూర్చుంటే మంట ఆరిపోతుంది. అది ఆర్పడానికి రాలేదు, వెచ్చదనం కోసం వచ్చింది పాపం! భయపెట్టేవాళ్ళు కూడా ఒంటరివాళ్ళే కావచ్చని నాకు అప్పుడు తెలిసింది.

చీకటి లేనే లేదని చెప్తే పిల్లలు నమ్మరు, ఎందుకంటే వాళ్ళు చీకట్లోనే పడుకుని ఉన్నారు. చీకటి ఉంది, అయినా దాటొచ్చు అని చెప్పే కథే వాళ్ళకి తోడు. ఇదీ నా జవాబు.

కథంతా విని తమ్ముడు ఒక్కటే అడిగాడు: "వాళ్ళమ్మ లేచిందా అన్నా?"

లేచింది. మంచు తుఫానులకి లేవని అమ్మ, కొడుకు తుమ్మగానే లేచింది. అది విని వాడు పడుకున్నాడు.

పెద్ద తరగతుల అన్నలారా, కొత్తవాళ్ళు ఏడిస్తే నవ్వకండి. కాసేపు పక్కన కూర్చోండి.

— 9వ తరగతి విద్యార్థి