గొంతు దాకా ఎగదన్నే పులుపు

టమోటా కోతల రోజుల్లో చౌడేపల్లె వైపు రైతుకు వేళకు తిండి ఉండదు. మదనపల్లె మార్కెట్టుకు సరుకు పంపి, పొద్దుపోయాక సంగటి, కారం ఊరిబిండి తిని అలాగే నడుం వాలుస్తాడు. తెల్లారేసరికి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంటుంది. మాటిమాటికీ గొంతు సవరించుకుంటాడు. ఛాతీలో మంట లేదు కాబట్టి కడుపు మీద అనుమానం రాదు. దుమ్ము పడలేదనుకుంటాడు.

కడుపులోని ద్రవం అన్నవాహిక దాటి స్వరపేటికను తాకడం, అంటే గొంతు రిఫ్లక్స్, దీనికొక కారణం కావచ్చు. అన్నవాహిక గోడ ఆమ్లాన్ని కొంత ఓర్చుకుంటుంది, స్వరపేటిక పొరకు ఆ ఓపిక లేదు. ఆమ్లంతో పాటు మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ కూడా పైకొస్తుంది. గొంతు కణాల్లో తిష్ఠ వేసిన పెప్సిన్, ఆ తర్వాత పులుపు తగిలినప్పుడు మళ్లీ చురుకు కావచ్చు.

పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. ఆమ్లాన్ని పంపు చేసే కణాలు తిండి పడినప్పుడే పూర్తిగా పనిలోకి దిగుతాయి కనుక మాత్రను తిండికి అరగంట ముందే వేసుకోవాలి. అయితే మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే గానీ, అన్నవాహిక అడుగున ఉన్న కవాటాన్ని బిగించదు. బ్రిటన్‌లో 346 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, దీర్ఘకాలిక గొంతు బాధలకు 16 వారాలు వాడిన లాన్సోప్రజోల్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు.

ఆక్యుపంక్చర్ (సూదివైద్యం) వైపు చూపు మళ్లింది ఈ లోటు వల్లనే. అరచేయి పైకి తిప్పి, మణికట్టు గీత నుంచి మూడు వేళ్ల వెడల్పు మోచేతి వైపు కొలవండి. అక్కడ నరాల్లా తగిలే రెండు స్నాయువుల నడుమ ఉన్న చోటే ఆ వైద్యంలో ‘నైగ్వాన్’ అనే బిందువు. 2005లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో ఆరోగ్యవంతులకు ఇక్కడ స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇస్తే, మింగకున్నా కవాటం సడలే సందర్భాలు సుమారు 40 శాతం తగ్గాయి. 2007లో అమెరికాలో, రోజుకొక మాత్రతో ఛాతీమంట తగ్గని 30 మందిని రెండు జట్లు చేశారు. మాత్ర మోతాదు రెట్టింపు చేసినవారి కంటే, అదే మాత్రకు సూదివైద్యం జోడించినవారికి ఎక్కువ ఉపశమనం కలిగింది.

ఆశ కలిగించే ఫలితాలే, కానీ జట్లు చిన్నవి. పైగా పరీక్షించింది కవాటాన్నీ ఛాతీమంటనూ, గొంతును కాదు. సూది గుచ్చారన్న నమ్మకమే కొంత ఊరటనిస్తుంది కాబట్టి ఆ వాటాను వేరుచేసి చూడాలి. పోల్చి తేల్చుకునే పద్ధతి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వైద్యులు 1950లలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. గొంతు రిఫ్లక్స్‌కు మాత్ర, సూది జోడింపూ అలాంటి తూకానికే నిలబడాలి.

భారత ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. చేయించుకోదలిస్తే శిక్షణ ఉన్నవారి దగ్గరకే వెళ్లండి, ఒకసారి వాడి పారేసే సూదులే వాడమనండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే విద్యుత్ ప్రేరణ వద్దు. డాక్టరును అడగకుండా మాత్ర మానకండి. రాత్రి భోజనానికీ పడకకూ నడుమ మూడు గంటలు ఎడం ఉంచండి. బొంగురు గొంతు మూడు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, బరువు తగ్గినా సూదీ మాత్రా రెండూ తర్వాత. ముందు గొంతు డాక్టరుకు చూపించండి.