వైజాగ్‌లో దావత్: టేబుల్ బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు

అమ్మీ, అబ్బాల పెళ్లిరోజు అనో, పిల్ల పరీక్ష పాసైందనో హైదరాబాద్ నుంచి కుటుంబాలు వైజాగ్ బండెక్కుతుంటాయి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా రెస్టారెంట్లకు కొదవ లేదు. కానీ ఫొటో చూసి టేబుల్ బుక్ చేసుకుంటే, తీరా అక్కడికెళ్లాక పెద్దవాళ్లు ప్లేట్ ముట్టుకోకుండా లేచే పరిస్థితి రావొచ్చు. ముందే ఫోన్ చేసి మూడు సంగతులు అడగడం మంచిది.

మొదటిది టైమ్. సముద్రం కనిపించే టేబుల్ అనగానే చాలామంది రాత్రి డిన్నర్‌కే అడుగుతారు. వైజాగ్‌ది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం వైపు ఉదయించి, కొండల వైపు అస్తమిస్తాడు. ఇషా నమాజు తర్వాత వెళ్తే అద్దం అవతల చీకటే. సముద్రం చూస్తూ తినాలంటే పొద్దున నాష్తా, లేదా మధ్యాహ్న భోజనం పెట్టుకోవాలి. పై అంతస్తు అయితే లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగాలి.

రెండోది వంటగది. ‘హలాలేనా?’ అంటే ‘అవునండీ’ అనేస్తారు. మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, వంటలో వైన్ వాడతారా, అక్కడే బార్ ఉందా అని విడివిడిగా అడగాలి. చేపతో సరిపెట్టుకునేవాళ్లు కూడా దాన్ని ఏ నూనెలో వేయిస్తారో తెలుసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో చేప తాజాదా, ఐస్‌లో నిల్వ పెట్టిందా అన్నది అడగాల్సిందే.

మూడోది బిల్లు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. అంటే రూ.4,000 భోజనానికి ఒకచోట రూ.4,200, మరోచోట రూ.4,720 అవుతుంది. దానిపై 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తే ఇంకో రూ.400. అడక్కుండా సర్వీస్ ఛార్జ్ కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగొచ్చు, వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు.

ఈ మూడూ అడగడానికి పది నిమిషాలు చాలు. ఆ రోజు అబ్బా ఏ అనుమానం లేకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటే దావత్ కుదిరినట్టే.